యూడబ్ల్యూబీ ఆంటెన్నా: ఎస్11 సరిపోయాక కూడా పల్స్ ఎందుకు చెదురుతోంది?

మీ ప్రశ్న యూడబ్ల్యూబీ, అంటే చాలా విశాలమైన బ్యాండ్‌లో అతి పొట్టి పల్స్‌లు పంపే రేడియో, గురించి. నాకు అర్థమైనంతలో ఇదీ. ఎఫ్‌ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం) బోర్డు మీద గుండ్రటి డిస్క్ మోనోపోల్, అంటే గ్రౌండ్ రేకు అంచున నిలిచే ఒంటి రాగి బిళ్ళ ఆంటెన్నా, చేశారు. సిమ్యులేషన్‌లో 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా ఎస్11 గీత (పోర్టు నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తి) −10 డీబీ కిందే ఉంది. వైఫై అడ్డు రాకుండా 5.5 దగ్గరి ఫ్రీక్వెన్సీలను తోసిపుచ్చే నాచ్ కోసం యూ ఆకారపు స్లాట్ కోశారు. బోర్డు చేయించి కొలిస్తే గీత కాస్త అటూ ఇటూ జరిగింది గానీ మొత్తమ్మీద బాగానే ఉంది. తీరా రెండు ఆంటెన్నాల మధ్య పల్స్ పంపితే అవతల సాగిపోయి, వెనక తోక వేసుకుని వస్తోంది. దూరం కొలిస్తే ఆంటెన్నా తిప్పినప్పుడల్లా అంకె మారుతోంది. ఇప్పుడు ఏ కొత్త ఆకారం ప్రయత్నించాలి, ఈ రంగంలో చేయడానికి ఇంకేమైనా మిగిలిందా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఆకారం జోలికి ఇప్పుడే పోకండి. మీరు చూస్తున్న గీత ఆంటెన్నా పనితనంలో ఒక్క ముక్కే చెబుతుంది. ఎస్11 చెప్పేది పోర్టు నుంచి ఎంత శక్తి వెనక్కి రాలేదన్నది మాత్రమే. రానిది ఎక్కడికి పోయిందో, ఏ దిక్కుకు పోయిందో, ఏ క్షణంలో పోయిందో అది చెప్పదు. 50 ఓమ్‌ల లోడు ఒకటి పోర్టుకు బిగించి చూడండి, మీ ఆంటెన్నా కన్నా అందమైన గీత వస్తుంది. మీ ఇబ్బంది మూడు చోట్ల ఉండొచ్చు: స్లాట్, గ్రౌండ్‌తో కలిసిపోయిన కేబుల్, దిక్కును బట్టి మారే ఆలస్యం. మూడింటినీ విడివిడిగా పట్టుకోవచ్చు. మొదటిది పట్టుకోవడం తేలిక, మూడోది కష్టం. మిగిలిన పరిశోధన కూడా ఎక్కువగా ఆ మూడోదాని చుట్టూనే ఉంది.

ముందు కొంచెం చరిత్ర, ఎందుకంటే ఈ పొరపాటు మీ ఒక్కరిది కాదు, రంగానిదే.

విశాలమైన బ్యాండ్ ఉన్న ఆంటెన్నా నిన్నమొన్నటిది కాదు. ఆలివర్ లాడ్జ్ 1898 నాటి పేటెంటు బొమ్మల్లోనే రెండు శంకువుల ఆంటెన్నా, విల్లుకట్టు లాంటి ముక్కోణాల జంట ఉన్నాయి. తర్వాత రేడియో ఇరుకు బ్యాండ్‌లకు మళ్ళడంతో వాటిని ఎవరూ పట్టించుకోలేదు. టీవీ ప్రసారాల రోజుల్లో మళ్ళీ అవసరం పడింది. 1930ల చివర కార్టర్ శంకువులను తిరిగి పైకి తెచ్చాడు, ఆ తర్వాత లిండెన్‌బ్లాడ్ కొయాక్సియల్ హార్న్ రకం చేశాడు. 1950ల్లో రమ్సే ఫ్రీక్వెన్సీతో సంబంధం లేని ఆంటెన్నాల సూత్రం చెప్పాడు: కొలతల మీద కాకుండా కేవలం కోణాల మీద ఆధారపడే ఆకారమైతే అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఒకేలా కనిపిస్తుందని. ఆ దారిలోనే స్పైరల్, లాగ్ పీరియాడిక్ వచ్చాయి. 1979లో గిబ్సన్ వివాల్డి ఆంటెన్నా (వంపుగా విచ్చుకునే స్లాట్) తెచ్చాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. లాగ్ పీరియాడిక్‌ది అద్భుతమైన బ్యాండ్‌విడ్త్, ఎస్11 నున్నగా ఉంటుంది. కానీ దానిలో పెద్ద ఫ్రీక్వెన్సీలు కొసన ఉన్న చిన్న కడ్డీల నుంచి, చిన్న ఫ్రీక్వెన్సీలు వెనక ఉన్న పొడవు కడ్డీల నుంచి బయటికి వెళతాయి. అంటే ఒకే క్షణంలో బయల్దేరాల్సిన పల్స్‌లోని భాగాలు వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు క్షణాల్లో బయల్దేరతాయి. అవతలి వైపు చేరేది పల్స్ కాదు, పై స్వరం నుంచి కింది స్వరానికి జారే చిర్ప్. టీవీ ఛానెళ్ళు ఒక్కొక్కటిగా పట్టుకునేవాడికి ఇది అసలు తెలియను కూడా తెలియదు. ఇంపల్స్ పంపేవాడికి మాత్రం ప్రాణాంతకం. స్పైరల్‌కూ ఇదే జబ్బు. శంకువులకూ డిస్క్ మోనోపోల్‌కూ ఇది చాలా తక్కువ, ఎందుకంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ దాదాపు ఒకే చోటు నుంచి, ఫీడ్ (సిగ్నల్ అందించే చోటు) దగ్గరి నుంచి, బయల్దేరతాయి. అందుకే పల్స్ విషయంలో మీ డిస్క్ ఎంపిక సరైనదే అంటున్నాను.

2002 ఫిబ్రవరిలో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. షరతు: ప్రతి మెగాహెర్ట్జ్‌కూ −41.3 డీబీఎం మించకూడదు. ఈ పరిమితి గీతనే మాస్క్ అంటారు. అక్కణ్ణుంచి వరద మొదలైంది. డిస్క్, దీర్ఘవృత్తం, ఆకు, ఫ్రాక్టల్, గుర్రపు నాడా, ఒకటేమిటి? కానీ సమతల మోనోపోల్‌ల ఇంపీడెన్స్ (పోర్టు దగ్గర సరిపోవడం) సంగతి అప్పటికే తేలిపోయింది. 1998లోనే అగర్వాల్, గిరీశ్ కుమార్, రే చదరం, వృత్తం, దీర్ఘవృత్తం అన్నీ వరసపెట్టి కొలిచి చూపించారు. ఆ పని మీద తర్వాత వచ్చిన సూత్రం ఇప్పటికీ నేను ప్రతి డిజైన్‌కూ ముందు వాడతాను:

కింది అంచు ఫ్రీక్వెన్సీ గిగాహెర్ట్జ్‌లలో = 7.2 ÷ (ఎత్తు + సమాన వ్యాసార్థం + గ్యాప్), కొలతలన్నీ సెంటీమీటర్లలో. గ్యాప్ అంటే డిస్క్‌కూ గ్రౌండ్‌కూ మధ్య సందు.

సమాన వ్యాసార్థమంటే, మీ డిస్క్‌ను అదే ఎత్తు, అదే ఉపరితలం ఉన్న కడ్డీగా ఊహించుకుంటే ఆ కడ్డీకి ఉండే వ్యాసార్థం. డిస్క్‌కు అది డిస్క్ వ్యాసార్థంలో నాలుగో వంతు అవుతుంది. డిస్క్ వ్యాసార్థం 1 సెంటీమీటరు అనుకోండి. ఎత్తు 2, సమాన వ్యాసార్థం 0.25, గ్యాప్ 0.03. మొత్తం 2.28. 7.2ని దీంతో భాగిస్తే 3.16. ఇది గాల్లో నిలబెట్టిన రేకుకు. ఎఫ్‌ఆర్4 మీద ముద్రిస్తే సుమారు 1.15తో ఇంకా భాగించాలి: 2.75 గిగాహెర్ట్జ్. సాఫ్ట్‌వేర్ తెరవక ముందే కింది అంచు చేతికొచ్చింది. మీ సిమ్యులేషన్ దీనికి బాగా దూరంగా ఉంటే ఏదో తప్పు జరుగుతోందని అర్థం.

పై అంచు గురించి పెద్దగా బాధపడక్కర్లేదు. డిస్క్‌లో రెజొనెన్సులు దగ్గర దగ్గరగా వస్తాయి, ఒకదాని అంచు మరోదానిలో కలిసిపోతుంది. పైగా డిస్క్ కింది వంపుకూ గ్రౌండ్ పై అంచుకూ మధ్య ఖాళీ మెల్లగా విచ్చుకుంటూ పోతుంది కాబట్టి పెద్ద ఫ్రీక్వెన్సీల్లో కరెంటు ఆ వంపు వెంట ప్రయాణించే అలలా నడుస్తుంది. ఆ విచ్చుకునే ఖాళీయే అసలు మ్యాచింగ్ సర్క్యూట్. అందుకే 0.3 మిల్లీమీటర్ల గ్యాప్ బోర్డు మీద 0.4 అయినా గీత జరుగుతుంది. మీ గీత కదలడానికి మొదటి అనుమానం అక్కడే. లెన్సు పెట్టి గ్యాప్ కొలవండి. కనెక్టర్ దగ్గర సోల్డర్ ముద్ద గ్రౌండ్ అంచు దాటి ముందుకు రాలేదని కూడా చూసుకోండి.

ఇక మీ మూడు అనుమానితులు.

మొదటిది, స్లాట్. 5.15 నుంచి 5.825 గిగాహెర్ట్జ్ వరకు తోసిపుచ్చడానికి యూ స్లాట్ కోశారు. పొడవు లెక్క బహుశా ఇలాగే వేసి ఉంటారు: 5.5 దగ్గర అర తరంగదైర్ఘ్యం గాల్లో 27.3 మిల్లీమీటర్లు, బోర్డు ప్రభావానికి 1.64తో భాగిస్తే 16.6. లెక్క సరైనదే. కానీ కాలంలో చూస్తే ఆ స్లాట్ ఒక చిన్న రెజొనేటర్. పల్స్ తగిలినప్పుడు శక్తిని లోపల పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. సుమారు 0.675 గిగాహెర్ట్జ్ వెడల్పున్న నాచ్ మోగుడు అర నానోసెకను కాలస్థిరాంకంతో తగ్గుతుంది. 5 శాతానికి పడిపోవడానికి దాదాపు 1.4 నానోసెకన్లు. మీ పల్స్ మొత్తం నిడివే నానోసెకనులో చిన్న భాగం. మీరు చూస్తున్న తోకలో పెద్ద భాగం ఇదే అయ్యుంటుందని నా అంచనా.

దీన్ని తేల్చుకోవడానికి సిమ్యులేషన్ అక్కర్లేదు. రాగి టేపు ముక్క తీసుకుని స్లాట్ మీద అంటించి, అంచులు సోల్డర్ చేసి, మళ్ళీ పల్స్ పంపండి. తోక తగ్గితే దొంగ దొరికినట్టే.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. నాచ్‌లు చేర్చడం పేపర్లలో ఒక అలవాటుగా మారింది. ఒకటి, రెండు, మూడు నాచ్‌లు, ప్రతిదానికీ ఒక పేపరు. నిజంగా తోసిపుచ్చాలంటే రిసీవర్ ముందు ఫిల్టర్ పెట్టడం మేలు. దాన్ని మార్చొచ్చు, తీసేయొచ్చు, దాని ప్రవర్తన దిక్కుతో మారదు. ఆంటెన్నాలో కోసిన స్లాట్ మాత్రం ఒక దిక్కులో ఒకలా, ఇంకో దిక్కులో ఇంకోలా తోసిపుచ్చుతుంది. చోటు బొత్తిగా లేని చోట తప్ప నేను కోయను.

రెండోది, కేబుల్. వీఎన్‌ఏలో (ఎస్11 లాంటివి కొలిచే పరికరం) గీత లైవ్‌గా నడుస్తుండగా కనెక్టర్ వెనకున్న కేబుల్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. 3, 4 గిగాహెర్ట్జ్ మధ్య గీత అలలా ఊగుతోందా? అయితే మీ కేబుల్ కూడా ఆంటెన్నాయే. కారణం సులువు. చిన్న మోనోపోల్‌కు గ్రౌండ్ అంటే పక్కన పడి ఉన్న రాగి రేకు కాదు, ఆంటెన్నాలో రెండో సగం. 3 గిగాహెర్ట్జ్ దగ్గర అర తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లు, మీ గ్రౌండ్ కొలతా ఇంచుమించు అంతే. కరెంటు దాని అంచులు చేరి, అక్కడ ఆగకుండా కనెక్టర్ బయటి కవచం మీదుగా కేబుల్ మీదకు పాకుతుంది. సిమ్యులేషన్‌లో కేబుల్ లేదు కాబట్టి మీకు కనపడలేదు. ఎస్11 దీనివల్ల పాడవకపోవచ్చు, ఒక్కోసారి మెరుగవుతుంది కూడా. రేడియేషన్ ప్యాటర్న్, పల్స్ మాత్రం కేబుల్ ఎటు వంగి ఉందో దాన్ని బట్టి మారతాయి.

నేను చూసిన చిన్న ఆంటెన్నాల్లో, సిమ్యులేషన్‌కూ కొలతకూ కింది అంచు కలవకపోతే సగానికి పైగా కేసుల్లో కారణం ఇదే. ఫెర్రైట్ పూసలు గిగాహెర్ట్జ్‌లలో అంతంత మాత్రమే. కేబుల్ చుట్టూ మైక్రోవేవ్ అబ్సార్బర్ చుట్టడం కొంత నయం. అసలైన పద్ధతి రెండు రకాలు. ఒకటి, సిమ్యులేషన్ మోడల్‌లోనే 10, 15 సెంటీమీటర్ల కేబుల్ పెట్టి చూడటం. రెండోది, చివరికి ఆంటెన్నా వెళ్ళేది బ్యాటరీతో నడిచే పరికరంలోకైతే, చిన్న ట్రాన్స్‌మిటర్‌ను బోర్డు మీదే పెట్టి కేబుల్ లేకుండా కొలవడం. నిజ జీవితంలో ఆ ఆంటెన్నాకు కేబులే ఉండదు, అలాంటప్పుడు కేబుల్‌తో ఉన్న కొలత దేనికి?

మూడోది, దిక్కును బట్టి ఆలస్యం. ఇది ఆలోచించాల్సిన విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి.

పేపర్లలో గ్రూప్ డిలే (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎంత ఆలస్యమో) గీత ఒకటి ఇచ్చి, మార్పు ఒక నానోసెకను లోపే ఉంది కాబట్టి ఆంటెన్నా బాగుంది అంటారు. డేటా పంపడానికైతే సరే. దూరం కొలవడానికి ఒక నానోసెకను అంటే 30 సెంటీమీటర్లు. వంద పికోసెకన్లు అంటే 3 సెంటీమీటర్లు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఒక రకం ర్యాంగింగ్ (దూరం కొలిచే) చిప్‌లలో కాలం గడియారపు ఒక అడుగు 15.65 పికోసెకన్లు, అంటే సుమారు 4.7 మిల్లీమీటర్లు. అంత సన్నగా కాలాన్ని కోసే చిప్ పక్కన, ఒక నానోసెకను లోపు అనే కొలబద్ద పెట్టుకుని కూర్చోవడం అర్థం లేని పని.

పైగా ఆ గీత ఒక్క దిక్కుదే, రెండు ఆంటెన్నాలు ఎదురెదురుగా ఉన్నప్పటిది. 9, 10 గిగాహెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి డిస్క్ కొలత తరంగదైర్ఘ్యంతో పోటీపడుతుంది, ప్యాటర్న్ చీలికలై లోబ్‌లుగా విడిపోతుంది. ఒక దిక్కులో పై ఫ్రీక్వెన్సీలు బలంగా, ఇంకో దిక్కులో బలహీనంగా వెళతాయి. పల్స్ ఆకారం దిక్కుతో మారుతుంది, దాని శిఖరం కొద్దిగా ముందుకో వెనక్కో జరుగుతుంది. రిసీవర్ ఆ శిఖరాన్నో, ముందు అంచునో పట్టుకుని దూరం లెక్కేస్తుంది. ఆంటెన్నా తిప్పితే దూరం మారడానికి ఇదే కారణం. అది చిప్ తప్పు కాదు, క్యాలిబ్రేషన్‌లో ఇచ్చే ఒక్క అంకెతో సరిదిద్దగలిగేదీ కాదు.

దీన్ని కొలవడానికి ఖరీదైన ఛాంబర్ లేకపోయినా ఒక దారి ఉంది. వీఎన్‌ఏతో 2 నుంచి 12 గిగాహెర్ట్జ్ దాకా, 10 మెగాహెర్ట్జ్ అడుగులతో, 1001 పాయింట్లలో ఎస్21 (ఒక ఆంటెన్నా నుంచి రెండోదానికి చేరేది) తీయండి. అడుగు 10 మెగాహెర్ట్జ్ కాబట్టి 100 నానోసెకన్ల దాకా కాలాన్ని గందరగోళం లేకుండా చూడొచ్చు. ఇన్వర్స్ ఫోరియర్ చేస్తే ఇంపల్స్ స్పందన వస్తుంది, విడమరిచి చూపే సన్నదనం సుమారు 100 పికోసెకన్లు. శిఖరం ఎక్కడుందో మాత్రం ఇంటర్‌పొలేషన్‌తో ఇంకా సన్నగా తేల్చొచ్చు. ఆంటెన్నాల మధ్య ఒక మీటరు, నేల నుంచి ఒక మీటరు ఎత్తు ఉంచండి. నేరుగా వచ్చేది 3.3 నానోసెకన్లకు, నేల మీద తగిలి వచ్చేది దాదాపు 7.5కి చేరతాయి. మధ్య 4 నానోసెకన్ల ఖాళీ దొరుకుతుంది. అక్కడ టైమ్ గేట్ పెడితే, అంటే ఆ తర్వాత వచ్చింది కత్తిరిస్తే, నేల మాయమవుతుంది. మీ ఆంటెన్నా మోగుడు ఆ 4 నానోసెకన్లలో ఆగకపోతే, అదే పెద్ద వార్త.

తర్వాత ఒక ఆంటెన్నాను 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఇదే మళ్ళీ తీయండి. ఒక జాగ్రత్త: తిప్పే అక్షం ఆంటెన్నా మధ్యగుండా పోవాలి. ఫీడ్ గ్యాప్ దగ్గర పెట్టడం మంచి మొదలు. అక్షం ఒక సెంటీమీటరు పక్కకుంటే తిప్పినప్పుడు ఆంటెన్నా ముందుకో వెనక్కో జరుగుతుంది, 33 పికోసెకన్ల దాకా తేడా మీరే కలిపినట్టు. దాన్ని ఆంటెన్నా తప్పుగా రాసేసిన థీసిస్‌లు ఉన్నాయి. కనెక్టర్లు టార్క్ రెంచ్‌తో ఒకే బిగువుతో బిగించండి, తిప్పేటప్పుడు కేబుల్ వంపు మారకుండా చూడండి.

వచ్చిన స్పందనలను మీరు వాడబోయే పల్స్‌తో కన్వాల్వ్ చేసి (ఆ పల్స్ పంపితే ఏమొస్తుందో లెక్కగట్టి), ప్రతి దిక్కుకూ రెండు అంకెలు తీయండి: శిఖరం జరిగిన కాలం, ఎదురుగా వచ్చిన పల్స్‌తో పోలిక ఎంత. రెండోదాన్నే ఫిడెలిటీ అంటారు, నార్మలైజ్ చేసిన కోరిలేషన్ గరిష్ఠ విలువ అన్నమాట. పల్స్ ఏదో ఒకటి తీసుకోకండి. నున్నటి, ఇరుకు బ్యాండ్ పల్స్ తీసుకుంటే ఏ ఆంటెన్నాకైనా ఫిడెలిటీ బాగానే వస్తుంది. గాసియన్ ఐదో డెరివేటివ్ లాంటిది, మాస్క్‌ను నింపేది తీసుకోండి. లేదా మీ చిప్ ఛానెల్‌లో నిజంగా పంపే 500 మెగాహెర్ట్జ్ పల్స్ తీసుకోండి.

ఆ చివరి మాట దగ్గరే మిమ్మల్ని ఒక ఎదురు ప్రశ్న అడగాలి. మీకు నిజంగా 7.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలా?

2002 తర్వాత అందరూ 3.1 నుంచి 10.6 మొత్తం పట్టుకున్నారు. అప్పటి కల తక్కువ దూరంలో వైర్‌లెస్‌గా భారీ డేటా పంపడం. దానికోసం ఐట్రిపుల్‌ఈ (ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ) 802.15.3ఏ కమిటీలో రెండు వర్గాలు ఎటూ తేల్చుకోలేక 2006 జనవరిలో పని ఆపేశాయి. డేటా వైపు వైఫై గెలిచింది. యూడబ్ల్యూబీ బతికి బట్టకట్టింది దూరం కొలవడంలో: 2007లో 802.15.4ఏ ప్రమాణం, తర్వాత 2020లో 802.15.4జెడ్. 2019లో ఐఫోన్ 11లో యూ1 చిప్ వచ్చాక ఇది జేబుల్లోకి చేరింది. ఇప్పుడు ఫోన్లు, కారు తాళాలు, ట్యాగులు ఎక్కువగా వాడేది రెండు ఛానెళ్ళు: 5వది 6489.6 మెగాహెర్ట్జ్ మధ్యలో, 9వది 7987.2 మధ్యలో, ఒక్కోటి 499.2 వెడల్పు. రెండూ కలిపినా 6.24 నుంచి 8.24 దాకా, అంటే 28 శాతం బ్యాండ్‌విడ్త్. కొత్త వైఫై 5.925 నుంచి 7.125 దాకా పాకాక 5వ ఛానెల్ కన్నా 9వదానికి మొగ్గు పెరిగింది. 5.5 దగ్గర నాచ్ కోసుకున్నవారికి ఇందులో ఉపయోగమేమీ లేదు.

28 శాతం సరిపోతుందంటే ఆట మారిపోతుంది. మందమైన బోర్డు మీద ప్యాచ్ రకాలు, కింద గ్రౌండ్ మూసి ఉన్నవి, స్లాట్ రకాలు అన్నీ బరిలోకి వస్తాయి. మూసిన గ్రౌండ్ ఉంటే వెనక ఏముందో ఆంటెన్నాకు పెద్దగా పట్టదు. ఒంటి మీద పెట్టుకునే ట్యాగుకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఈ ఫ్రీక్వెన్సీల్లో శరీరం పల్స్‌ను పీల్చేస్తుంది. డిస్క్ మోనోపోల్ రెండు వైపులా రేడియేట్ చేస్తుంది కాబట్టి సగం శక్తిని చర్మానికే ఇస్తుంది.

ఒక ట్యాగ్ సంగతి చెప్తాను. ఆంటెన్నా విడిగా కొలిస్తే ఏ లోపమూ లేదు. పరికరంలో పెట్టాక ముందు వైపు నుంచి కొలిచిన దూరానికీ, వెనక వైపు నుంచి కొలిచినదానికీ సెంటీమీటర్లలో తేడా వస్తోంది. ఫర్మ్‌వేర్ వాళ్ళు క్యాలిబ్రేషన్ అంకె మారుస్తూ పోయారు, ఒక వైపు సరిచేస్తే రెండో వైపు తప్పుతోంది. పెట్టె విప్పి చూస్తే ఆంటెన్నా వెనక కొన్ని మిల్లీమీటర్ల దూరంలో బిళ్ళ బ్యాటరీ ఉంది. ఆ బిళ్ళ వ్యాసం 20 మిల్లీమీటర్లు. 8 గిగాహెర్ట్జ్ దగ్గర అర తరంగదైర్ఘ్యం 18.8. బ్యాటరీ అని మనం అనుకుంటున్నాం గానీ పల్స్‌కు అది చక్కటి రిఫ్లెక్టర్. బిళ్ళను బోర్డు రెండో కొసకు జరిపాక ఆ తేడా చాలావరకు పోయింది. ఆంటెన్నా డిజైన్‌లో ఒక్క గీత కూడా మారలేదు. ఎస్11 రెండు సందర్భాల్లోనూ −10 కిందే ఉంది!

గెయిన్ (శక్తిని ఒక దిక్కుకు పోగుచేసే గుణం) గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీరు చివర్లో గెయిన్ పెంచాలా అని రాశారు. ట్రాన్స్‌మిట్ వైపు పెంచితే లాభం లేదు. నియమం ఆంటెన్నా నుంచి బయటికొచ్చే ఈఐఆర్‌పీకి (గెయిన్ కూడా కలిపిన శక్తికి) పెట్టారు, చిప్ శక్తికి కాదు. 7.5 గిగాహెర్ట్జ్ మొత్తం మాస్క్ అంచు దాకా నింపినా వచ్చేది −2.5 డీబీఎం, అర మిల్లీవాటు పైచిలుకు. మీ ఆంటెన్నా గెయిన్ 9 గిగాహెర్ట్జ్ దగ్గర 5, 4 దగ్గర 1 డీబీఐ అయితే, 9 దగ్గర మాస్క్ తగలకుండా మొత్తం శక్తి తగ్గించాలి, 4 దగ్గర 4 డీబీ వృథా. అందుకని ట్రాన్స్‌మిట్‌కు ఎక్కువ గెయిన్ కన్నా సమమైన గెయిన్ ముఖ్యం. రిసీవ్ వైపు కథ వేరు. సమమైన గెయిన్ ఉన్న ఆంటెన్నా అందుకునే శక్తి ఫ్రీక్వెన్సీ వర్గంతో తగ్గుతుంది, 3.1కీ 10.6కీ మధ్య 10.7 డీబీ తేడా. అక్కడ ఫ్రీక్వెన్సీతో పాటు గెయిన్ పెరిగే ఆంటెన్నా, వివాల్డి లాంటిది, ఆ లోటు పూడుస్తుంది. గోడకు బిగించే యాంకర్ రిసీవర్‌కు అది మంచి ఎంపిక. రెండు వైపులా ఒకే ఆంటెన్నా పెట్టాలన్న రూలేమీ లేదు.

ఎఫ్‌ఆర్4 విషయం. దాని లాస్ టాంజెంట్ (బోర్డు ఎంత శక్తి మింగుతుందో చెప్పే అంకె) 0.02 ప్రాంతం. 8 గిగాహెర్ట్జ్ దగ్గర మీ మైక్రోస్ట్రిప్ ఫీడ్ డైఎలెక్ట్రిక్ లోనే సెంటీమీటరుకు సుమారు పావు డీబీ తినేస్తుంది. గమ్మత్తేమిటంటే ఈ నష్టం ఎస్11ను అందంగా చేస్తుంది: వెళ్ళే అల, తిరిగొచ్చే అల రెండూ తగ్గుతాయి కాబట్టి. పై ఫ్రీక్వెన్సీల్లో గీత కిందికి దిగిందని సంబరపడేముందు ఎఫిషియెన్సీ చూడండి. అలాగని వెంటనే ఖరీదైన బోర్డుకు పరిగెత్తక్కర్లేదు. ఫీడ్ పొట్టిగా ఉంటే ఎఫ్‌ఆర్4 నడుస్తుంది. పెద్ద తలనొప్పి నష్టం కన్నా పర్మిటివిటీ (బోర్డులో తరంగదైర్ఘ్యం ఎంత కుంచించుకుపోతుందో తేల్చే గుణం) మారడం. బ్యాచ్‌ను బట్టి 4.2, 4.6 మధ్య ఏదైనా రావచ్చు. విశాలమైన బ్యాండ్‌కు అది పెద్ద దెబ్బ కాదు గానీ, సన్నటి నాచ్‌ను పక్కకు జరిపేస్తుంది. స్లాట్ మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదింకో కారణం.

ఇంకేమైనా మిగిలిందా అన్నదానికి జవాబు: చాలా ఉంది, మీరు వెతుకుతున్న చోట కాదు. ఇంపీడెన్స్ బ్యాండ్‌విడ్త్‌కు కొత్త ఆకారం చూపించి పేపరు రాయడం ఇప్పటికీ జరుగుతోంది, కానీ దానివల్ల ఎవరి పరికరమూ మెరుగవదు. నేను మీ స్థానంలో ఉంటే కోణం కొలిచే జంట ఆంటెన్నాలను పట్టుకుంటాను. 9వ ఛానెల్‌లో రెండు ఆంటెన్నాలు అర తరంగదైర్ఘ్యం దూరంలో, అంటే 18.8 మిల్లీమీటర్లలో, పక్కపక్కన ఉంటాయి. రెంటికీ చేరిన ఫేజ్ (అల ఏ దశలో ఉందన్నది) తేడా నుంచి కోణం తీస్తారు. ఎదురుగా ఉన్నప్పుడు ఒక డిగ్రీ కోణానికి ఫేజ్ సుమారు 3.1 డిగ్రీలే మారుతుంది. అంత దగ్గరున్న రెండు ఆంటెన్నాలు ఒకదాని ఫేజ్‌ను ఒకటి చెడగొడతాయి, ఆ చెడగొట్టడం దిక్కుతో మారుతుంది. పక్కలకు పోయేకొద్దీ లెక్క ఇంకా దిగజారుతుంది. ఫోన్ అంచు, కెమెరా ఉంగరం, చెయ్యి, అన్నీ దీనిలో వేలు పెడతాయి. ఈ జంటల మధ్య కప్లింగ్ తగ్గిస్తూ, ఫేజ్ కేంద్రం (అల బయల్దేరినట్టు కనిపించే చోటు) అన్ని దిక్కుల్లో కదలకుండా, అదీ పలచటి బోర్డులో సాధించడం ఇప్పటికీ కష్టమైన పనే. చిప్ ప్యాకేజీలోనే ఆంటెన్నా పెట్టడం, కారు లోహపు ఒంటి మధ్య పనిచేయించడం, ఊపిరి కదలికను పట్టే రాడార్‌కు ఆంటెన్నా చేయడం కూడా ఉన్నాయి. వాటికి పరికరాలు, కొలత సౌకర్యం ఎక్కువ కావాలి. జంట ఆంటెన్నా పని పైన చెప్పిన వీఎన్‌ఏ ఏర్పాటుతోనే మొదలుపెట్టొచ్చు.

ఈ వారం చేయాల్సిన వరస: ముందు రాగి టేపు, తర్వాత కేబుల్ మీద వేళ్ళు, ఆ తర్వాతే తిప్పి కొలవడం. టేపు వేసినప్పుడు ఎస్11 గీత కాస్త పాడైనా కంగారు పడకండి, మీరు చూడాల్సింది తోకను. తిప్పిన కొలతల ఫైళ్ళు పెట్టేటప్పుడు మాగ్నిట్యూడ్ ఒక్కటే కాకుండా ఫేజ్ కూడా ఉన్న ఎస్2పీ ఫైళ్ళే పెట్టండి. స్క్రీన్‌షాట్లయితే వాటి నుంచి నేనేమీ తీయలేను. బోర్డు మందం, గ్యాప్ నిజంగా ఎంత వచ్చిందో, ఏ చిప్ ఏ ఛానెల్‌లో వాడుతున్నారో కూడా రాయండి.